ఎవరు ఎలా పడుకుంటారు?

బేకరీలో అందరూ అతన్ని భట్టీ మాస్టరు అంటారు. వీధిలోనూ ఆ పేరే స్థిరపడిపోయింది. ఊరంతా ముసుగుతన్నాక అతని పని మొదలవుతుంది. పిండి కలిపేవాళ్లు వేరు, ముద్దలు చేసి అచ్చుల్లో పెట్టేవాళ్లు వేరు. ఇటుకలతో కట్టిన ఆ పెద్ద భట్టీ మాత్రం అతనిది. పొడుగాటి చెక్క పారతో బ్రెడ్డు ముద్దల్ని లోపలికి తోస్తాడు, కాలినవాటిని బయటికి లాగుతాడు. ఏ మూల వేడి తగ్గిందో చూడటానికి అతనికి యంత్రం అక్కర్లేదు. తలుపు తీసి మొహం చూపిస్తే చాలు, తెలిసిపోతుంది.

తెల్లవారి ఇంటికొచ్చేసరికి ఇల్లు లేస్తూ ఉంటుంది. పెద్దకూతురు అద్దం ముందు జడతో కుస్తీ పడుతూ, చిన్నకూతురు ఒక కాలికి మేజోడు వేసుకుని రెండోది వెతుక్కుంటూ, మామగారు చేతిలో టీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి వచ్చేపోయే బండ్లకి వంకలు పెడుతూ కనిపిస్తారు. భార్య పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. గుమ్మంలో అతను చెప్పులు విడుస్తుంటే ఆవిడ తొడుక్కుంటూ ఉంటుంది. వేడి బ్రెడ్డు పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుతుంది. రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. అతను వెనక గదిలోకి పోయి, కిటికీకి నల్లటి తెర లాగి, మంచం మీద పడతాడు. గదిలోంచి గురక మొదలైతే ఇంట్లో ఉన్నవాళ్లు మునివేళ్ల మీద నడుస్తారు.

ఇన్నేళ్లుగా అంతే. వారానికోసారి బేకరీ మూసినా అతనికి రాత్రి నిద్ర పట్టదు. వంటింట్లో కూర్చుని ఊడిపోయిన అలమర బందులు బిగిస్తాడు, మొండిబారిన కత్తులకి పదును పెడతాడు. ఇంట్లో వాళ్లు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో అతనికి పట్టదు. పట్టించుకోక కాదు, అలా కుదిరింది.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో భట్టీ లోపలి ఇటుకలు పగిలాయి. చల్లారాలి, పాతవి పీకాలి, కొత్తవి పేర్చాలి, ఆరాలి. "మాస్టరూ, ఓ వారం హాయిగా ఇంట్లో పడుకో," అన్నాడు బేకరీ యజమాని.

ఈ సంగతి ఇంట్లో చెప్పాడో లేదో పెద్దకూతురు పట్టుకుంది. "నాన్నా, చెరువు దగ్గర టెంటు వేసుకుని ఒక రాత్రి ఉందాం. మా క్లాసులో సగం మంది వెళ్లొచ్చారు." చిన్నది వెంటనే గెంతడం మొదలుపెట్టింది. భార్య ఎటూ వద్దంటుందిలే అని అతను ధీమాగా కూర్చుంటే, ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "వెళ్దాం" అనేసింది. టెంటు పోస్టాఫీసులో ఎవరినో అడిగి తెస్తానంది. వంట సంగతి తను చూసుకుంటానన్నాడు మామగారు. ఆయన వయసులో ఉండగా లారీ నడిపి, రోడ్డు పక్కన రాళ్ల మీద గిన్నెలు పెట్టి వండుకుతిన్న మనిషి.

"మీరు చెయ్యాల్సింది ఒక్కటే," అంది భార్య. "కింద పరుచుకోవడానికి మంచివి చూసి తీసుకురండి. వెచ్చగా ఉండాలి, మెత్తగా ఉండాలి. నాన్నకి నడుం నొప్పి, గుర్తు పెట్టుకోండి."

"ఓస్, ఇంతేనా?" అన్నాడు భట్టీ మాస్టరు.

మర్నాడు మధ్యాహ్నం క్యాంపింగ్ సామాన్లు అమ్మే దుకాణంలో అడుగుపెట్టాక ఆ "ఓస్" ఎందుకన్నానా అనుకున్నాడు. ఒక గోడ పొడుగునా చుట్టలు చుట్టిన మ్యాట్లే. నీలివి, ఆకుపచ్చవి, వేలంత సన్నవి, దిండంత లావువి. కొన్ని రబ్బరు స్పాంజివి, కొన్ని గాలి కొట్టేవి, కొన్ని మూత తిప్పితే వాటంతట అవే గాలి పీల్చుకుని లేచేవి. అతను ఒకదాన్ని వేలితో నొక్కాడు. పులిసిన పిండిలా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది. ఇది బాగుందనుకున్నాడు. పక్కదాన్ని నొక్కాడు. అదీ బాగానే ఉంది.

కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. ఆ విభాగం ఆమెదే. "ఎంతమందికి సార్?"

"ఐదుగురికమ్మా. చెరువు గట్టున. వెచ్చగా ఉండాలి."

"అయితే కింద వేసుకునేదే ముఖ్యం. చలంతా నేలలోంచే కదా వస్తుంది."

"దుప్పట్లు కప్పుకుంటాంగా?"

"పైన కప్పుకుంటారు సార్. కింద మాటేంటి? మీ బరువుకి దుప్పటి అణిగిపోతుంది. అణిగిందంటే ఇక వెచ్చదనం ఉండదు. మీ ఒంట్లో వేడంతా నేల లాగేసుకుంటుంది."

ఇది అతనికి ఇట్టే అర్థమైంది. భట్టీలో బ్రెడ్డు అడుగు కాలేది కింది ఇటుక వేడికే. ఇక్కడ ఆ లెక్క తిరగబడిందన్నమాట. ఈ మాత్రం తెలిసింది కదా, ఇక పని అయిపోయినట్టే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ అమ్మాయి ఒక్కో మ్యాట్‌కి వేలాడుతున్న చీటీ చూపించింది. చీటీ మీద ఒక అంకె. అంకె పెద్దదయ్యేకొద్దీ వెచ్చదనం ఎక్కువట.

"అయితే అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నవి ఐదు ఇచ్చెయ్యమ్మా."

"ఇవ్వచ్చు సార్. కానీ కొందరికి వేడి పడదు, చెమటలు పట్టి రాత్రంతా అవస్థ పడతారు. మీ ఇంట్లో చలి ఎక్కువ ఎవరికి?"

భట్టీ మాస్టరు చీటీని తిరగేసి చూశాడు. అతనికైతే రాత్రి అంటే సెగ. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, మెడలో తువ్వాలు తడిసిపోయి ఉండేదే రాత్రి. ఇంట్లో రాత్రి ఎంత చలిగా ఉంటుందో, ఎవరు వణుకుతారో అతనికేం తెలుసు?

"సరే, అది పక్కన పెడదాం," అంది ఆ అమ్మాయి. "పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి మందంగా ఉండాలి. లేకపోతే భుజం, తుంటి నేలకి ఒత్తుకుంటాయి. వెల్లకిలా పడుకునేవాళ్లకి పల్చటిదైనా చాలు. బాగా దొర్లేవాళ్లుంటే వెడల్పుది తీసుకోవాలి. మీ ఆవిడ ఎలా పడుకుంటారు?"

"మామూలుగానే," అన్నాడు.

"మామూలుగా అంటే?"

"అంటే... అందరూ పడుకున్నట్టే."

ఆ అమ్మాయి నవ్వలేదు. జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూసింది. అదే అతన్ని మరింత ఇరకాటంలో పెట్టింది. కళ్లు మూసుకుని భార్యని తలుచుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటూ కనిపించింది. జుట్టు ముడి వేసుకుంటూ పిన్ను పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడుతూ కనిపించింది. కౌంటర్ అద్దం వెనక ముద్ర వేస్తూ కనిపించింది. నిద్రపోతూ మాత్రం కనిపించలేదు. పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు పగలు పనిచేశాడు, అప్పుడైనా చూసి ఉండాలే అనుకున్నాడు. ఆ రోజుల్లో రాత్రిపూట తనూ నిద్రపోయేవాడయ్యె, ఇక చూసేదెలా?

"పోనీ ముందు మీరు పడుకుని చూడండి సార్," అంది ఆ అమ్మాయి, అతని అవస్థ చూసి. మందపాటి ఆకుపచ్చ మ్యాట్ ఒకటి నేల మీద పరిచింది. అతను చెప్పులు విడిచి దాని మీద నడుం వాల్చాడు. మధ్యాహ్నం వేళ. ఆ వేళప్పుడు అతనికి అర్ధరాత్రి కింద లెక్క.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ముసలి దంపతులిద్దరు నిలబడి అతన్ని పరీక్షగా చూస్తున్నారు. "నిజం మనిషేనండీ, నే చెప్పలా," అంటోంది ఆవిడ. భట్టీ మాస్టరు ఉలిక్కిపడి లేచాడు. మొహం కందగడ్డలా అయింది. అతని చెప్పులు ఎవరో జతగా, పద్ధతిగా పక్కన పెట్టి ఉంచారు. ఆ అమ్మాయి వేరేవాళ్లకి టెంట్లో పెట్టుకునే దీపం చూపించి వచ్చింది.

"ఇదే ఖాయం చేసెయ్యమ్మా. చూశావుగా, పడుకోగానే పట్టేసింది."

"సార్, మీకు ఈ బల్ల మీదైనా నిద్ర పడుతుంది," అంది ఆ అమ్మాయి. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంటికెళ్లి అందరినీ అడిగి రండి. ఎవరు ఎలా పడుకుంటారో చెబితే సరిపోయేవి నేను తీసిస్తాను."

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చోగానే అతను ఈ మాటెత్తాడు. ఐదు నిమిషాల్లో తేలిపోతుందనుకున్నాడు.

"నేను కదలకుండా పడుకుంటాను నాన్నా," అంది పెద్దది.

"అబద్ధం! అక్క తంతుంది. గోడకి కూడా తన్నింది," అంది చిన్నది. "నేనే కదలకుండా పడుకుంటా."

"నువ్వా? నిన్ను పొద్దున్నే మంచం కిందనుంచి లాగాలి!"

మామగారు చేత్తో వాళ్లని ఆపాడు. "నా సంగతి వదిలెయ్ అల్లుడూ. లారీ ఇంజను మీద పడుకున్న ఒళ్లు ఇది. నాకీ మ్యాట్లూ గీట్లూ ఏవీ వద్దు. నేలా, నా దుప్పటీ చాలు."

"నాన్నా, నీకు నడుం నొప్పి," అంది భార్య.

"నొప్పి పరుపుల వల్లే వచ్చింది. అలవాటు చేశారు కదా మీరు."

"అమ్మకి చలెక్కువా?" అని అడిగాడు భట్టీ మాస్టరు పిల్లల్ని.

"ఎక్కువే," అంది పెద్దది. "చెవులదాకా కప్పుకుంటుంది."

"లేదు, కాళ్లు బయట పెడుతుంది," అంది చిన్నది.

"చిన్నప్పుడు కూర్చునే నిద్రపోయేది," అన్నాడు మామగారు. "పుస్తకం చేతిలో పట్టుకుని. ఇప్పుడెలాగో మరి."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కంచాలు ఒకదానిలో ఒకటి పెడుతూ "నాకేం తెలుస్తుంది, నిద్రలో ఉంటాను కదా," అంది. అందరూ గొల్లున నవ్వారు. భట్టీ మాస్టరు కూడా నవ్వాడు గాని, బుర్రలో అంతకుముందున్న ముడికి ఇంకో రెండు ముళ్లు పడ్డాయి. ఎవరి నిద్ర గురించి వాళ్లకి తెలియదు. పక్కవాళ్లు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఈ ఇంట్లో నిజం ఎవరిని అడగాలి?

పిల్లలు లేచి వెళ్లాక వంటింట్లో భార్య పక్కన నిలబడి తడి గిన్నెలు తుడుస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. "అయితే నేనెలా పడుకుంటానో నీకు తెలుసా?"

"బోర్లా," అంది ఆవిడ తల తిప్పకుండానే. "ఎడమ చెయ్యి మొహం కింద. కుడికాలు మంచం బయటికి వేలాడుతుంటుంది. ముందు గురక పెడతారు, తర్వాత ఎవరినో కసురుతారు. 'తలుపు ముయ్, తలుపు ముయ్' అని. భట్టీ తలుపేమో."

అతను ఆవిడ వైపు తిరిగాడు. "ఎప్పుడు చూశావు?"

"నాకు సెలవున్న రోజు ఇంట్లోనే ఉంటాను కదా. బట్టలు ఆరెయ్యడానికి మీ గదిలోంచే వెళ్లాలి."

ఆవిడ గొంతులో కోపం లేదు. దెప్పినట్టూ లేదు. ఏదైనా ఒకటి ఉంటే అతనికి ఏం చెయ్యాలో తెలిసేది. కోపమైతే సర్దిచెప్పేవాడు, వేళాకోళమైతే నవ్వేవాడు. ఆవిడ మాత్రం స్పాంజితో గిన్నె అంచు రుద్దుతూ ఉండిపోయింది. ఆవిడ తనని ఇంత వివరంగా చూసిందంటే సంతోషించాలో, తను అంత కూడా చూడనందుకు సిగ్గుపడాలో అతనికి అంతుపట్టలేదు. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

మర్నాడు దుకాణానికి వెళ్లి, విన్నదంతా విన్నట్టు ఆ అమ్మాయికి అప్పజెప్పాడు. ఆమె నుదురు చిట్లించుకుని విని, పిల్లలిద్దరికీ వెడల్పాటివి, వాటంతట అవే గాలి పీల్చుకునేవి తీసింది. మామగారికి మందంగా, గట్టిగా ఉండే స్పాంజి పరుపు తీసింది. "వద్దంటారు, కానీ తీసుకెళ్లండి," అంది. "మరి మీ ఇద్దరికీ?"

"నాకేం వద్దమ్మా. నేను రాత్రి పడుకోను."

"అసలే?"

"అలవాటు లేదు. మా ఆవిడకి ఒకటి చాలు."

అలా అన్నవాడు కదలకుండా అక్కడే నిలబడ్డాడు. గోడ చివర ఇద్దరికి సరిపడే గాలిపరుపు ఒకటి ఉంది. మామూలు గాలిపరుపు చలికి పనికిరాదట, లోపల గాలి చల్లబడిపోతుందట. ఇందులో ఉన్నిలాంటిదేదో పొర పెట్టారని ఆ అమ్మాయి చెప్పింది. రాత్రి పడుకోని మనిషికి ఇద్దరి పరుపెందుకు? అక్కడికీ దాన్ని వదిలి గుమ్మం దాకా వచ్చాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు. కట్టించుకుని భుజాన వేసుకున్నాక కూడా ఎందుకు కొన్నావంటే చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

చెరువు గట్టు మీద గడ్డి పొట్టిగా, గట్టిగా ఉంది. టెంటు నిలబెట్టడానికి అందరూ కిందా మీదా పడ్డారు. కాలితో తొక్కే పంపు పట్టుకుని గాలిపరుపుకి గాలి కొట్టే పని మామగారు లాక్కున్నాడు. "లారీ టైర్లకి కొట్టినవాణ్ణి, ఇదొక లెక్కా?" అని మొదలెట్టి, సగంలో ఆయాసపడి, పైపు పెట్టకుండానే ఇంతసేపూ తొక్కానని తెలుసుకుని, "ఈ పంపే బాగోలేదు," అన్నాడు. పెద్దది నవ్వీ నవ్వీ గడ్డిలో కూలబడింది. వెడల్పాటి పరుపు పొంగి టెంట్లో సగం ఆక్రమించడం చూసి భార్య కనుబొమలు ఎత్తింది.

"ఇంతది ఎందుకండీ?"

"ఆ అమ్మాయి ఇదే మంచిదంది," అన్నాడు.

తిని, కబుర్లు చెప్పుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. మామగారు తన దుప్పటి ఒక్కటే తీసుకుని వట్టి నేల మీద, గుమ్మం పక్కన పక్క వేసుకున్నాడు. స్పాంజి పరుపు చుట్ట విప్పనివ్వలేదు. భట్టీ మాస్టరు బయటే మంట దగ్గర కూర్చుండిపోయాడు. పుల్లలు ఎగదోస్తూ ఉంటే అతనికి అదే డ్యూటీలా అనిపించింది. తెల్లవారుజామున పుల్లలు అయిపోయాయి. అప్పుడు నీళ్ల మీదనుంచి చల్లగాలి వచ్చి వీపుకి తగిలింది. కూర్చున్న చోట నేల మంచుముద్దలా ఉంది. పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. ఇన్నేళ్లూ ఇంట్లో వాళ్లు కప్పుకుని పడుకునే చలి ఇదేనా అనుకుంటూ లేచి టెంటు గుడ్డ పక్కకి తప్పించాడు.

అప్పుడే పలచగా వెలుతురు వస్తోంది. గుమ్మం పక్క మామగారు లేడు. చిన్నదాని మెత్తటి పరుపు మీద, నడుం చాపి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చోటు పోయిన చిన్నది అక్క కాళ్ల మీద అడ్డంగా పడింది. కదలకుండా పడుకుంటానన్న పెద్దదాని చెయ్యి ఒకటి టెంటు గోడని బయటికి తోస్తోంది.

భార్య పక్కకి తిరిగి పడుకుంది. కుడి పక్కకి. మోకాళ్లు కొంచెం ముడుచుకుంది. దుప్పటి చెవులదాకా కప్పుకుంది, అరికాళ్లు మాత్రం బయటున్నాయి. పిల్లలిద్దరూ చెప్పింది నిజమే. అంత వెడల్పాటి పరుపు ఉంచుకుని ఆవిడ ఒక అంచున, ఇంకో బెత్తెడు జరిగితే కింద పడేట్టు పడుకుంది. మిగిలిన పరుపంతా ఖాళీ.

పరుపు బాగోలేదేమోనని అనుమానం వచ్చింది. నడుమ గాలి తగ్గిందా? చలిగా ఉందా? చేత్తో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. నిద్ర ముంచుకొస్తోంది. సరే చూద్దామని ఆ ఖాళీలోకి వెనక్కి వాలాడు. బరువైన మనిషి. గాలంతా ఒక్క ఊపున అవతలి అంచుకి పోయింది. ఆ అంచు పైకి లేచి భార్యని ఎగరేసి, దుప్పటితో సహా తీసుకెళ్లి వాళ్ల నాన్న మీద పడేసింది.

"బ్రేకు! బ్రేకు!" అని అరుస్తూ లేచాడు మామగారు.

ఆ తర్వాత ఎవరూ పడుకోలేదు. పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు. పరాయి పరుపు మీదికి ఎలా వచ్చానో తెలియదని మామగారు ఒట్టేసి చెప్పాడు. ఆ సంగతి ఎవరూ నమ్మకపోయినా ఒప్పుకున్నారు.

పొద్దెక్కాక భార్యాభర్తలు చెరో గ్లాసు టీ పట్టుకుని నీళ్ల దగ్గర రాయి మీద కూర్చున్నారు. మోచేతికి తగిలిన దెబ్బని ఆవిడ రుద్దుకుంటోంది.

"పరుపు బాగోలేదా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను, మీరు లేపేదాకా."

"మరి అంత చివరికి పోయి పడుకున్నావేం?"

"చివరికా?" అంది ఆవిడ. "ఇంట్లోనూ అంతేగా. అలవాటు."

"ఎందుకలా?"

"మీరు వస్తే చోటు ఉండాలని." ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. "మీకు రాత్రి పని కొత్తలో అలా పడుకునేదాన్ని. నేను లేవకముందే అలిసి వచ్చేవారు, నన్ను లేపకుండా పడుకోవచ్చని. తర్వాత మీరు వెనక గదిలో పడుకోవడం మొదలెట్టారు. నాకు అలవాటు పోలేదు, అంతే."

"నీ నిద్ర పాడవుతుందనే కదా నేను వెనక గదిలోకి వెళ్లింది!"

"నేను వెళ్లమన్నానా?"

"వద్దనీ అనలేదుగా."

"మీరు అడగలేదుగా."

ఇందులో తప్పెవరిదో భట్టీ మాస్టరుకి ఎంతకీ తేలలేదు. ఆవిడ కోసం అతను వెళ్లాడు, అతని కోసం ఆవిడ చోటు ఉంచింది. ఇద్దరూ మంచికే చేశారు. మరి ఇన్నేళ్లూ వేరే గదుల్లో ఎందుకు పడుకున్నట్టు? టీ చల్లారిపోయిందని ఆవిడ అతని గ్లాసు తీసుకుని గడ్డిలో ఒంపేసి, కెటిల్ లోంచి మళ్లీ పోసింది.

భట్టీ కొత్త ఇటుకలతో సిద్ధమైంది. మొదటి రాత్రి పని ముగించుకుని అతను మామూలుకన్నా కొంచెం ముందే ఇంటికొచ్చాడు. ఇంకా ఎవరూ లేవలేదు. వెనక గది తలుపు దగ్గర ఆగాడు. తర్వాత భార్య పడుకునే ముందుగదిలోకి చూశాడు. నల్లతెర లేని గది. ఇంకాసేపట్లో వెలుతురు కళ్లల్లో పడుతుంది, గడియారం మోగుతుంది, పిల్లలు వచ్చి మేజోళ్లు వెతుకుతారు. నిద్ర సరిగ్గా పట్టదు. ఇవన్నీ తెలిసే లోపలికి వెళ్లాడు. ఆవిడ మంచం అంచున, కుడి పక్కకి తిరిగి ఉంది. ఈసారి గాలిపరుపు అనుభవంతో అంగుళం అంగుళం చొప్పున ఒరిగాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గుండెల మీద పెట్టుకుంటే ఏదోలా ఉంది. ఒంటి మీద ఇంకా పిండీ పొగా వాసన. స్నానం చేసి రావాల్సింది. మళ్లీ లేస్తే ఆవిడ లేస్తుంది. లేవకపోతే వాసనకి లేస్తుందేమో. అసలు తను ఇక్కడ ఉండాలని ఆవిడకి ఉందో, మొహమాటానికి ఊరుకుంటుందో. రేపు అడగాలి. అడిగితే ఏమనుకుంటుందో.

ఆవిడ నిద్రలోనే ఇటు తిరిగింది. కళ్లు తెరవకుండా అరచెయ్యి అతని భుజం మీద వేసి, కొంచెం తోసింది.

"కాస్త జరగండి," అంది.

ఏ వైపు జరగాలో అతనికి అర్థం కాలేదు.